గాయం కూలీది, వాటా మరొకరిది!

చిన్న ప్రమాదాల పరిహారంలో చేతికందేది స్వల్పం
సగం బేరానికి చట్టం ఒప్పదు – మహిళలకు ప్లీడరు ఉచితం

నరసరావుపేట: పల్నాడు మెట్టపొలాల్లో మిరపకోతలు మొదలైతే చాలు, తెల్లవారకముందే రోడ్లు కూలీల ఆటోలతో, ట్రాక్టర్లతో నిండిపోతాయి. స్థానికంగా కూలీలు చాలక కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చి పొలాల పక్కన గుడారాలు వేసుకుంటాయి. వీరిలో ఆడవారే ఎక్కువ. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో పది పన్నెండు మంది ఎక్కడం, మలుపులో ఎదురొచ్చిన లారీని తప్పించబోయి బండి బోర్లాపడడం ఏటా వింటున్నదే. ప్రాణాలు పోయిన ప్రమాదమైతే నాయకులు వస్తారు, సాయం ప్రకటిస్తారు. ప్రాణం దక్కి, మోచెయ్యి చీరుకుపోయి, పదిరోజులు కూలి పోగొట్టుకున్న మనిషిని పలకరించేవారుండరు.

పలకరించేవాడు ఒక్కడుంటాడు. ఆసుపత్రి మంచం దగ్గరికి పళ్ల సంచితో వస్తాడు. ప్లీడరు గుమాస్తానంటాడు, లేకపోతే ఫలానావారి తాలూకు అంటాడు. కేసు ఖర్చంతా తామే పెట్టుకుంటామని, కూలీ పైసా ఇవ్వనక్కరలేదని, వచ్చినదాంట్లో సగం తమకిస్తే చాలని నమ్మబలుకుతాడు. చేతిలో చిల్లిగవ్వ లేనివారికి ఇది దేవుడు పంపిన మాటలాగే వినబడుతుంది. నాలుగైదు తెల్లకాగితాల మీద వేలిముద్రలు పడతాయి.

ఇలాంటి బేరానికి చట్టం ఒప్పుకోదు. పైగా దెబ్బ తగిలిన ఆడకూలీకి ప్రభుత్వ ఖర్చు మీద ప్లీడరును పొందే హక్కు ఉన్నది. ఈ రెండు సంగతులూ తెలియకనే చిన్న గాయాల కేసుల్లో బాధితులు తమకు దక్కవలసిన సొమ్ములో సగం వదులుకుంటున్నారు. సగం పోతే మిగిలేదెంతో లెక్క వేసి చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

పదివేలు మిగలాల్సినచోట తొమ్మిదివందలు నష్టం

లెక్క కోసం ఒక కూలీని తీసుకుందాం. ఆటో బోల్తాపడి చెయ్యి చీరుకుపోయింది. ఎముక విరగలేదు. కుట్లు పడ్డాయి. మందులకు, పరీక్షలకు రు. 9,000 అయింది. ఆసుపత్రికి రానుపోను ఆటో ఖర్చులు, తోడున్న మనిషి తిండి ఖర్చులు కలిపి రు. 3,000. రోజుకు రు. 400 చొప్పున 12 రోజుల కూలి పోయింది, అది రు. 4,800. మొత్తం నష్టం రు. 16,800. పడిన బాధకు, నొప్పికి ట్రిబ్యునల్ మరో రు. 15,000 కలిపి రు. 31,800 ఇప్పించిందనుకుందాం.

ఇందులో సగం, అంటే రు. 15,900 మధ్యవర్తి పట్టుకుపోతే మిగిలేది రు. 15,900. ఆసుపత్రికని, దారి ఖర్చులకని చేసిన అప్పు రు. 12,000 తీరిస్తే చేతిలో రు. 3,900. పోయిన కూలి రు. 4,800 కదా! అంటే పరిహారం వచ్చిన తర్వాత కూడా కూలీకి రు. 900 నష్టమే. పడిన నొప్పికి చట్టం ఇచ్చిన 15 వేలూ, ఆ పైన తొమ్మిదివందలూ కూడా దెబ్బ తగలని మనిషి జేబులోకే వెళ్లాయి.

అదే ప్లీడరుతో ముందుగా రు. 5,000 ఫీజు మాట్లాడుకుని ఉంటే కూలీకి ఖర్చులన్నీ పోను పదివేలు మిగిలేవి. ఉచిత న్యాయసహాయం కింద ప్లీడరు దొరికితే పదిహేనువేలూ మిగిలేవి. పెద్ద కేసుల్లో లక్షలు వస్తాయి గనుక వాటా పోయినా ఏదో ఒకటి మిగులుతుంది. చిన్న కేసులో అలా మిగలదు. వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం అంతకుముందే ఖర్చయిపోయిన డబ్బు కావడమే ఇందుకు కారణం.

చిన్న గాయమా, పెద్ద గాయమా?

ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినపుడు డాక్టరు మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి, తర్వాత పోలీసులకు గాయాల సర్టిఫికెట్ ఇస్తారు. అందులో గాయం ‘సింపుల్’ అనో, ‘గ్రీవియస్’ అనో రాస్తారు. మొదటిది సాధారణ గాయం, రెండవది తీవ్ర గాయం. కూలీలు చాలామంది ఈ మాటను పట్టించుకోరు. అయితే కేసు బరువంతా ఆ ఒక్క మాట మీదనే ఆధారపడి ఉంటుంది.

ఏది తీవ్ర గాయమో చట్టమే చెప్పింది. ఎముక గాని, పన్ను గాని విరిగినా, కీలు తప్పినా తీవ్ర గాయమే. కంటిచూపు, చెవి వినికిడి శాశ్వతంగా పోయినా, ముఖం శాశ్వతంగా వికృతమైనా అంతే. నిర్ణీత రోజులపాటు తీవ్రమైన బాధతో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా కూడా తీవ్ర గాయం కిందకే వస్తుంది. పాత శిక్షాస్మృతి 320 సెక్షనులో ఈ గడువు 20 రోజులు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116 సెక్షనులో దీనిని 15 రోజులకు తగ్గించారు.

ఈ తేడాకు రూపాయల్లో విలువ ఉన్నది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 164 సెక్షను కింద తీవ్ర గాయమైనవారికి రు. 2.5 లక్షలు, మరణించినవారి కుటుంబానికి రు. 5 లక్షలు చెల్లించాలి. ఇది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఈ సెక్షను కింద అడిగేవారు డ్రైవరు తప్పును రుజువు చేయనక్కరలేదు. సాధారణ గాయానికి ఈ సెక్షను వర్తించదు. అటువంటివారు 166 సెక్షను కింద దావా వేసి, ఎదుటి బండి నడిపినవాని నిర్లక్ష్యాన్ని, తమ ఖర్చును, నష్టాన్ని రుజువు చేసుకోవాలి.

అందువల్ల వేలి ఎముక చిట్లినా ఎక్స్‌రే తీయించుకోవడం ముఖ్యం. వాపే గదా అని పసరుకట్టుతో సరిపెట్టుకుని, నెల తర్వాత నొప్పి తగ్గక ఎక్స్‌రే తీయిస్తే, అది ప్రమాదంలో తగిలిన దెబ్బేనని ట్రిబ్యునల్‌ను నమ్మించడం కష్టమవుతుంది. అలాగని లేని గాయాన్ని ఉన్నట్లు రాయించుకోబోతే నేరం అవుతుంది, ఉన్న కేసూ పోతుంది.

రేటు ఎలా మారింది?

1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చింది. దానికి 1994లో చేర్చిన పట్టికలో సాధారణ గాయం బాధకు రు. 1,000, తీవ్ర గాయం బాధకు రు. 5,000 రాశారు. వైద్య ఖర్చులకు రు. 15,000 పరిమితి పెట్టారు. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా రెండు దశాబ్దాలకు పైగా ఆ అంకెలు కదలలేదు. 2018 మే 22న కేంద్రం ఆ పట్టికను మార్చి చిన్న గాయానికి రు. 25,000 స్థిర పరిహారమని ప్రకటించింది. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ పట్టికకు ఆధారమైన సెక్షనే రద్దయింది. ఆ తర్వాతి ప్రమాదాల్లో చిన్న గాయానికి ఇంత అని కట్టిన రేటు లేదు. చూపిన కాగితాన్ని బట్టి, జడ్జిగారి అంచనాను బట్టి పరిహారం నిర్ణయమవుతుంది.

ఆ అంచనా ఎలా వేయాలో 2010 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఒక తీర్పులో వివరించింది. మామూలు గాయాల కేసుల్లో మూడు పద్దుల కిందనే సొమ్ము ఇస్తారు. మొదటిది వైద్యం, మందులు, రాకపోకలు, పోషకాహారం వగైరా ఖర్చులు. రెండవది చికిత్స కాలంలో పోయిన సంపాదన. మూడవది బాధ, నొప్పి, మనస్తాపం. మున్ముందు సంపాదించగల శక్తి తగ్గిందనో, ఆయుష్షు తగ్గిందనో పరిహారం ఇచ్చేది తీవ్రమైన గాయాలలోనే, అదీ తగిన వైద్య సాక్ష్యం ఉన్నప్పుడే. అవయవానికి ఇంత శాతం వైకల్యమని డాక్టరు రాసినంత మాత్రాన సంపాదన కూడా అంతే శాతం తగ్గినట్లు కాదని ఆ తీర్పు స్పష్టం చేసింది. మిరపకాయలు కోసే మనిషికి చూపుడువేలు వంగకపోవడం వేరు, బల్ల ముందు కూర్చుని పనిచేసే మనిషికి వంగకపోవడం వేరు.

కూలీకి జీతం కాగితం ఎక్కడిదని బీమా కంపెనీల ప్లీడర్లు అడ్డుపడుతుంటారు. కూలీలను అలాంటి రుజువుల కోసం పట్టుబట్టరాదన్న ధోరణిలో 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2004లో గాయపడిన ఒక కూలీ తనకు నెలకు రు. 4,500 వస్తుందని చెప్పగా, పత్రమేదీ లేకపోయినా కోర్టు అంగీకరించింది. అయినా ముఠా మేస్త్రి గాని, రైతు గాని వచ్చి ఫలానా రోజుల్లో ఇంత కూలి ఇచ్చామని చెబితే కేసుకు బలం వస్తుంది.

వాటా అడగడం తప్పే

ప్లీడర్ల నడవడిక గురించి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో ఒకటి ఇదే విషయాన్ని చెబుతున్నది. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం గాని, వచ్చే సొమ్ములో వాటా కుదుర్చుకోవడం గాని అడ్వొకేటు చేయరాదు. 1954లోనే సుప్రీంకోర్టు ఇటువంటి ఒప్పందాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించింది.

ఇటీవలి తీర్పు మన తెలుగునాటి కేసులోనే వచ్చింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళకు హైదరాబాదు ట్రిబ్యునల్‌లో పరిహారం లభించింది. అప్పటికే ఫీజు చెల్లించినా, మరికొంత కోసం ఆమెచేత చెక్కు రాయించుకున్నారు. ఆ చెక్కు చెల్లకపోవడంతో ప్లీడరు ఆమెపై క్రిమినల్ కేసు పెట్టారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. కోర్టు 2017 డిసెంబరు 5న ఆమెపై కేసును కొట్టివేస్తూ, కేసులో వచ్చిన సొమ్ములో ఇంత శాతమని ఫీజు అడగడం ప్రజాహితానికి విరుద్ధమని తేల్చింది. ఫీజుల అదుపునకు తగిన చట్టం గురించి ఆలోచించాలని కూడా ప్రభుత్వానికి సూచించింది.

పని చేసినందుకు ఇంత అని ముందే మాట్లాడుకున్న ఫీజు తప్పుకాదు. అది ప్లీడరుకు న్యాయంగా రావలసినదే. తప్పల్లా వచ్చేదాంట్లో పాలు అడగడంలోనే ఉన్నది. ఫీజు బాకీ ఉన్నదని కేసు కాగితాలను అట్టిపెట్టుకునే హక్కు కూడా ప్లీడరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్యాయం జరిగిందనుకున్నవారు అడ్వొకేట్ల చట్టం 35 సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇక ఆసుపత్రుల చుట్టూ, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగి కేసులు పట్టే దళారుల సంగతి. వీరిని అదుపు చేయడానికి 2023లో అడ్వొకేట్ల చట్టాన్ని సవరించి 45ఎ సెక్షను చేర్చారు. 2024 సెప్టెంబరు 30 నుంచి ఇది అమలులో ఉన్నది. దీని ప్రకారం హైకోర్టు, జిల్లా జడ్జి వంటివారు దళారుల జాబితా తయారు చేయించి ప్రకటించవచ్చు. జాబితాలోకెక్కిన తర్వాత కూడా దళారీపని చేస్తే మూడు నెలల వరకు జైలు, రు. 500 వరకు జరిమానా విధించవచ్చు.

ప్లీడర్ల గోడు కూడా ఉన్నది

అందరు ప్లీడర్లనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. చిన్న కేసయినా పెద్ద కేసయినా తిరగవలసిన వాయిదాలు ఒక్కటే. డాక్టరును సాక్ష్యానికి పిలిపించాలి, పోలీసు రికార్డు నకళ్లు తెప్పించాలి, బీమా కంపెనీ ప్లీడరు ప్రశ్నలను ఎదుర్కోవాలి. ముందుగా ఫీజు ఇవ్వగలిగే కూలీలు తక్కువ. పరిహారం మంజూరైన తర్వాత ముఖం చాటేసే కక్షిదారులూ లేకపోలేదు. వాటా పద్ధతి లేకుంటే కొన్ని కేసులు అసలు కోర్టు గుమ్మమే ఎక్కవన్న వాదనలో కొంత నిజం ఉన్నది.

కాని ఆ వాదన నిలవాలంటే పేదవానికి వేరే దారి లేకపోవాలి. దారి ఉన్నది. అది వారికి చూపించేవారే లేరు.

ఆడకూలీకి ఆదాయంతో పని లేదు

1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను ప్రకారం ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఎవరెవరికి ఉన్నదో చూడండి. షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఇంకా నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు. వీరిలో మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు. మహిళ అయితే చాలు. మిరపకోతకు వెళ్లే ఆటోలో గాయపడేవారిలో ఎక్కువమంది ఆడవారే కనుక, సగం వాటాకు వేలిముద్ర వేస్తున్నవారిలో చాలామందికి ప్లీడరును ఉచితంగానే పొందే హక్కు ఉన్నదన్నమాట.

ఇందుకోసం జిల్లా కోర్టులోని న్యాయ సేవల అధికార సంస్థకు గాని, స్థానిక కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీకి గాని దరఖాస్తు పెట్టుకోవాలి. చదువు రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు. 15100 నెంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు. ఇలా నియమితులైన ప్లీడరుకు ఫీజు సంస్థే ఇస్తుంది. కక్షిదారు నుంచి తీసుకోరాదు.

వాదోపవాదాలు లేకుండా తేలిపోయే కేసులను లోక్ అదాలత్‌కు పంపించుకోవచ్చు. అక్కడ బీమా కంపెనీవారు, బాధితులు ఒప్పుకున్న మొత్తానికి అవార్డు ఇస్తారు. కోర్టు ఫీజు కట్టి ఉంటే తిరిగి వస్తుంది. అయితే ఆ అవార్డుపై అప్పీలు లేదు. కనుక ఎంతకు ఒప్పుకుంటున్నదీ, అందులో ఏయే ఖర్చులు కలిసినదీ బాధితులు స్వయంగా విని, అర్థం చేసుకున్న తర్వాతనే సంతకం చేయాలి. ట్రిబ్యునల్ తీర్పు విషయంలో కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు లోపైతే హైకోర్టుకు అప్పీలు ఉండదు. 2019 సవరణకు ముందు ఈ పరిమితి పదివేలు మాత్రమే. అంటే చిన్న గాయాల కేసుల్లో చాలావరకు మొదటి మాటే చివరి మాట.

కాగితమే ఆస్తి

ప్రమాదం జరిగిన మొదటి రెండు మూడు రోజుల్లో చేసుకోవలసిన పనులున్నాయి. బండి నెంబరు రాసుకోవాలి. ‘ఖర్చులకు ఐదువేలు పుచ్చుకోండి, కేసెందుకు’ అన్న రాజీకి తొందరపడి తల ఊపరాదు. పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడే రోడ్డు ప్రమాదమని చెప్పి రాయించాలి. ‘జారి పడింది’ అని రాసినట్లయితే ఆ తర్వాత దానిని మార్చడం ఎవరి తరమూ కాదు. మందుల బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, ఆటో ఖర్చుల చీటీలు ఒక సంచిలో భద్రపరచాలి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వక, జిరాక్సులే ఇవ్వాలి.

వైద్యం ఖర్చు విషయంలో ఒక వెసులుబాటు వచ్చింది. కేంద్రం 2025 మే 5న ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు రు. 1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స చేయాలి. అప్పు పుట్టక దళారి చేతిలో పడేవారికి ఇది ఆసరా కాగలదు.

పోలీసుల బాధ్యత కూడా మునుపటిలా లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితులకు వారి హక్కులు తెలియజెప్పి, నింపవలసిన ఫారాలు ఇవ్వాలి. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ స్వీకరించవచ్చు. బీమా కంపెనీ తన అధికారిని నియమించి 30 రోజుల్లో ఇంత ఇస్తామని ప్రతిపాదన చేయాలి. ఈ పద్ధతిని కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది సక్రమంగా సాగితే చిన్న కేసుల్లో మధ్యవర్తికి చోటే ఉండదు.

ట్రాక్టరు ఎక్కితే చిక్కే

ఎవరి మీద దావా వేయాలన్నది మరో చిక్కు. ఎదుటి లారీ తప్పైతే దాని బీమా కంపెనీ ఇవ్వాలి. కాని ట్రాక్టరు ట్రక్కులో ఎక్కిన కూలీలకు ఆ ట్రాక్టరు బీమా సాధారణంగా వర్తించదు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు సొమ్ము ట్రాక్టరు యజమాని నుంచే రాబట్టుకోవాలి. యజమాని కూడా చిన్న రైతే అయితే తీర్పు కాగితం మీదనే మిగిలిపోతుంది. ఆటోలో పరిమితికి మించి ఎక్కినచోట కూడా పాలసీలో రాసిన మందికి లెక్కగట్టిన మేరకే తమ బాధ్యత అని కంపెనీ వాదిస్తుంది. గుద్ది పారిపోయిన బండి దొరకనిచో తీవ్ర గాయానికి రు. 50,000, మరణానికి రు. 2 లక్షలు ఇచ్చే ప్రభుత్వ పథకం వేరే ఉన్నది. సాధారణ గాయానికి అదీ లేదు.

కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీలు కోత ముగియగానే వెళ్లిపోతారు. వాయిదాలకు ఇంత దూరం రాలేక కేసు వదిలేసుకుంటారు. వారికి కూడా చట్టంలో దారి ఉన్నది. ప్రమాదం జరిగినచోటే దావా వేయాలని లేదు. బాధితులు నివసించేచోట ఉన్న ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

ఆరు నెలల గడువు

గడువు విషయంలో ఏమరుపాటు కూడదు. 1994లో దావాలకు గడువు ఎత్తివేశారు. 2019 సవరణతో అది మళ్లీ వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దావా వేయాలన్నది చట్టం. దీనిపై కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. గడువు దాటిందన్న కారణంతో దావాలను కొట్టివేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు. కోత డబ్బుతో అప్పులు తీర్చుకుని తీరుబడిగా చూద్దామనుకునేవారు ఆరు నెలల మాటనే మనసులో పెట్టుకోవడం మంచిది.

సొమ్ము మంజూరైన తర్వాత అది ఎవరి చేతికి వెళుతున్నదన్నది ఆఖరి ప్రశ్న. బీమా కంపెనీలు పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాకు జమచేసే ఏర్పాటు ఉండాలని 2025 మార్చి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. అందుకని దళారులు కూడా దారి మార్చారని, ఖాతా పుస్తకం, సంతకం చేసిన ఖాళీ చెక్కు ముందుగానే తీసుకుంటున్నారని కోర్టు ఆవరణల్లో వినవస్తున్నది. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వరాదు. తెల్లకాగితం మీద వేలిముద్ర అసలే వేయరాదు.

ఖర్చులేని పని

ఈ పరిస్థితి చక్కబడడానికి కొత్త చట్టాలతో పనిలేదు, పెద్ద ఖర్చూ లేదు. ప్రమాద బాధితులను చేర్చుకునే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగం గోడ మీద, ప్రతి పోలీసు స్టేషన్ ముందు తెలుగులో నాలుగు మాటల బోర్డు పెడితే చాలు. ప్లీడరు ఉచితంగా దొరుకుతారని, పరిహారంలో వాటా అడగడం తప్పని, ఆరు నెలల్లోగా దావా వేయాలని, ఫోను నెంబరు 15100 అని. మిరపకోతల నెలల్లో న్యాయ సేవల సంస్థ వాలంటీరు ఒకరు వారానికి రెండు రోజులైనా ఆసుపత్రి వార్డుల్లో తిరిగితే దళారికంటే ముందే మంచం దగ్గరికి చేరుకోవచ్చు. కూలీలను మాట్లాడుకుని తెచ్చే రైతులు, ముఠా మేస్త్రీలు కూడా ఈ సంగతులు వారి చెవిన వేయడం ధర్మం. జిల్లా న్యాయ సేవల అధికార సంస్థ, పోలీసు, వైద్య శాఖల అధికారులు వచ్చే కోతల సీజనుకు ముందే ఈ ఏర్పాట్లు చేస్తే, గాయపడిన మనిషికి రావలసిన డబ్బు ఆ మనిషి చేతికే చేరుతుంది.